కార్క్ సీమ కూలివాని పళ్లెము

ఐర్లండు ద్వీపమునకు దక్షిణమున కార్క్ అను సీమ కలదు. 1845వ సంవత్సరమునకు పూర్వము అచ్చటి కూలివాడు దినమునకు పది మొదలు పదునాలుగు పౌనుల బంగాళాదుంపలను, అనగా నాలుగున్నర మొదలు ఆరు కిలోలను, మజ్జిగతో భుజించుచుండెను. వెన్న మాత్రము కార్క్ పట్టణపు వెన్నబజారునకు పోయి ఓడలెక్కుచుండెను. భూస్వామికి శిస్తు చెల్లింపవలెను గదా! ఐనను ఆ కూలివారు బలహీనులు కారు. అన్ని దుంపలలో పిండిపదార్థము సమృద్ధిగా నుండుటయే గాక, మాంసకృత్తులు 90 గ్రాములకు తక్కువ యుండవు. మజ్జిగ మరికొంత చేర్చెను. క్రొవ్వు మాత్రము మిక్కిలి స్వల్పము.

1845లో దుంపలకు తెగులు సోకెను. మరుసటి సంవత్సరము ప్రభుత్వమువారు అమెరికానుండి తెప్పించిన మొక్కజొన్నలు కార్క్ రేవున దిగెను. ఆ గట్టి గింజలను సరిగా విసరక, చాలినంత ఉడికింపక తిన్నవారికి ఉదరవ్యాధులు కలిగెను. అనేకులకు చిగుళ్లనుండి నెత్తురు కారెను. ఏలయనగా దుంపలలో నుండిన సి విటమిను ఆ పిండిలో లేదు. ఆకలిచేతను జ్వరములచేతను దేశమంతట సుమారు పది లక్షలమంది మరణించిరి. కార్క్ సీమలోని స్కిబ్బరీను వద్ద వేలకొలది శవములను పేరైన వ్రాయక గోతులలో పూడ్చిరి.

ఒక్క వస్తువుమీదనే పళ్లెము నిలిచియున్నచో, అది పోయిననాడు సర్వమును పోవును. మన లైన్లలో ఆ ఒక్క వస్తువు అన్నము. అనుదినాహారముకొరకు ప్రార్థించు మనము ఆ ఆహారములో ఏమున్నదో విచారించుట తప్పు కాదు.

ఐర్లండులోనే జన్మించిన మెకారిసను అను వైద్యుడు 1918లో నీలగిరులయందలి కూనూరులో ఆరంభించిన పరిశోధనశాలయే 1958లో హైదరాబాదు చేరెను. అదియే జాతీయ పోషకాహార సంస్థ. 2020లో ప్రకటింపబడిన దాని కొలతల ప్రకారము 65 కిలోల పురుషునకు దినమునకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి 46 గ్రాములు మాంసకృత్తులు కావలెను. కష్టపు పని చేయువారికి నూనె, నెయ్యి కలిసి పురుషునకు 40, స్త్రీకి 30 గ్రాములు.

అరకిలో బియ్యమునందు మాంసకృత్తులు 40 గ్రాములకు మించవు. వంద గ్రాముల కందిపప్పు మరి 20 గ్రాములకు పైగా నిచ్చును. అంతేగాక బియ్యములో కొరవడిన సారమును పప్పు పూరించును. మిరపకాయ కారముతో రెండింతల అన్నము తినినను ఆ కొరత తీరదు. పప్పు ప్రియమైన దినములలో ఎండుచేపయో, కోడిగ్రుడ్డో, గుప్పెడు వేరుసెనగలో మేలు. వేరుసెనగలలో నూనెయు కలదు.

సహోదరులారా, బిడ్డకు పాలిచ్చు తల్లికి మొదటి ఆరు మాసములు మరి 17 గ్రాముల మాంసకృత్తులు అధికముగా కావలెను. అందరు భుజించిన పిదప కుండయడుగున మిగిలిన పలుచని తేటలో అవి యుండవు. ఆమె పప్పును ముందుగనే వేరు గిన్నెలోనికి తీసియుంచుడి.