తూకపు ముల్లు చెప్పని మాట

ఒకప్పుడు పెద్ద రైలుస్టేషన్లలో ప్లాట్‌ఫారము మీద ఒక తూకపు యంత్రము నిలిచి యుండెడిది. రంగుల దీపములు, గిర్రున తిరుగు చక్రము. ఎక్కి నిలబడి నాణెము వేసినచో టక్కుమని ఒక అట్టముక్క జారిపడెడిది. అట్టకు ఒక ప్రక్క బరువు, రెండవ ప్రక్క జాతకము. ప్రయాణికులు జాతకమును చదివి నవ్వుకొనెడివారు. బరువును మాత్రము వేదవాక్యముగా నమ్మి, అట్టను భద్రముగా జేబులో దాచుకొనెడివారు. బరువు అంకె అబద్ధమాడదు, నిజమే. కాని అది చెప్పు సత్యము మిక్కిలి చిన్నది. ఆ చిన్న సత్యమునే సర్వస్వమని భావించి, పడిన శ్రమ యంతయు వ్యర్థమైనదని క్రుంగిపోవువారు నేడు పెక్కుమంది కలరు.

ఒక ఉపాధ్యాయుని ఊహించుకొనవచ్చును. అట్టివారు లేని ఊరుండదు. వయస్సు 40 దాటినది. బరువు 80 కిలోలు. వైద్యుడు హెచ్చరించిన నాటినుండి తెల్లవారుజామున లేచి చెరువుగట్టు మీద నడక మొదలుపెట్టినాడు. కొన్ని వారములకు నడక పరుగైనది. ఆరు నెలలు గడచునప్పటికి 5 కిలోమీటర్లు ఆగకుండ పరుగెత్తగలుగుచున్నాడు. మేడమెట్లెక్కునప్పుడు రొప్పు లేదు. రాత్రి పడుకొన్నంతనే నిద్ర పట్టుచున్నది. సాయంకాలపు చివరి తరగతిలో కూడ గొంతు ఖంగున మ్రోగుచున్నది. కాని తూకపు ముల్లు 80 వద్దనే పాతుకొని యున్నది. ఒక వారము 81 కూడ చూపినది. “ఇంత చేసి ఏమి లాభము?” అని అతడు బూట్లు మూలకు విసరివేయును. ఆ ఒక్క క్షణములో అతడు పోగొట్టుకొనునది ఎంత విలువైనదో అతనికి తెలియదు.

లెక్కలోని మెలిక

ఈ నిరాశకు మూలము అతని బద్ధకము కాదు, అతడు వేసికొన్న లెక్క. పరుగెత్తు మనిషి తన దేహపు బరువులో ప్రతి కిలోకు, ప్రతి కిలోమీటరుకు ఇంచుమించు 1 కిలోకేలరీ శక్తిని ఖర్చు చేయును. 80 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరుగెత్తినచో ఖర్చు 400 కిలోకేలరీలు. ఒక కిలో కొవ్వులో దాగియున్న శక్తి సుమారు 7,700 కిలోకేలరీలు. అనగా తిండిలో ఆవగింజంత మార్పు లేకుండ 19 దినములు పరుగెత్తిన పిదప గాని ఒక కిలో తరగదు.

ఇక రెండవ ప్రక్క చూడవలెను. నూనె గ్రాముకు 9 కిలోకేలరీలు. 100 గ్రాముల బియ్యమునకు దాదాపు 350. ప్రొద్దుటి పరుగులో చెమటోడ్చి ఖర్చు చేసిన దానిని 45 గ్రాముల నూనె తిరిగి సమకూర్చును. పరుగెత్తి వచ్చినవానికి ఆకలి మెండు. “ఇంత కష్టపడితిని గదా” అను ధైర్యము అంతకంటె మెండు. ఆ రెండును కలిసి పెసరట్టు మీద పెసరట్టు వేయించును. సంపాదన చేతికష్టముతోను, ఖర్చు నోటిమాటతోను జరుగు కుటుంబములో నిల్వ ఎట్లు తేలునో ఇక్కడను అట్లే తేలును.

జనపనార మిల్లులో ఒక పరిశోధన

ఇది ఒక్క మనిషి బలహీనత కాదని 1956లోనే వెల్లడియైనది. హార్వర్డు విశ్వవిద్యాలయపు జీన్ మేయర్ తన సహచరులతో కలిసి పశ్చిమ బెంగాలులోని ఒక జనపనార మిల్లులో 213 మంది మనుష్యుల తిండిని, బరువును, పనిని లెక్కించి చూచెను. వారిలో కూర్చున్న చోటు కదలని అంగడివారు, గుమాస్తాలు మొదలు బరువులు మోయు కూలీల వరకు అన్ని తరగతులవారును ఉండిరి. తేలికపాటి పనివారినుండి కడు శ్రమజీవుల వరకు పోయినకొలది తిండి పెరిగినది. బరువు మాత్రము ఇంచుమించు ఒక్క తీరుననే నిలిచినది. శ్రమకు తగినట్లు ఆకలి తనంతట తానే సరిపెట్టుకొన్నదన్న మాట. అందరికంటె తక్కువ కదలువారే లెక్క తప్పిరి. వారి తిండి తేలికపని చేయువారి తిండికంటె ఎక్కువ. వారి బరువును ఎక్కువ.

దీని భావము గ్రహింపదగినది. పని బొత్తిగా లేనిచోట దేహమునకు ఆకలిని కొలుచు శక్తి మందగించును. కొంత పని కల్పించినచో ఆ శక్తి మేలుకొనును. ఆపైన పనిని ఎంత పెంచినను, ఆకలి దానిని వెంబడించుచునే యుండును.

దేహము చేయు పొదుపు ఇంకొకటి కలదు. 2012లో హెర్మన్ పాంట్జర్ బృందము టాంజానియాలోని హడ్జా అను వేటజాతివారి శక్తివ్యయమును కొలిచి చూచినది. ప్రతిదినము వేటకు, దుంపలకు, తేనెకు ఎంతో దూరము నడచు ఆ ప్రజలు, దేహపరిమాణమును లెక్కలోనికి తీసికొన్న పిదప, కుర్చీలలో పనిచేయు పాశ్చాత్య నగరవాసులకంటె దినమునకు ఎక్కువ శక్తి ఖర్చు చేయుట లేదని తేలినది. ఒకచోట ఖర్చు పెరిగినప్పుడు గృహిణి మరియొకచోట చేయి బిగించునట్లు, దేహము కూడ లోపలి ఖర్చులను తగ్గించుకొనునని కొందరి సిద్ధాంతము. ఆ పొదుపు ఎంత యన్న వాదము ఇంకను ముగియలేదు. కాని వ్యాయామమును కొవ్వు కొట్టు సుత్తిగా మాత్రమే చూచువారికి ఆశాభంగము తప్పదనుటలో సందేహము లేదు.

పస్తుల దారి

అట్లయినచో తిండి మానివేయుటయే మార్గమని కొందరు తలంతురు. ముఖ్యముగా పదునాలుగు, పదునైదేండ్ల బాలబాలికలు తోటివారి ఎగతాళికి ఓర్వలేక ఈ దారి పట్టుచున్నారు. ఈ దారి ఎక్కడకు పోవునో 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ జరిపిన పరిశోధన తెలిపినది. ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు స్వచ్ఛందముగా 24 వారములు అర్ధాకలితో గడిపిరి. వారమునకు 22 మైళ్లు నడచిరి. బరువులో ఇంచుమించు నాల్గవ వంతు తగ్గినది. కాని దానితోపాటు బలమును తగ్గినది. విశ్రాంతిగా నున్నప్పుడు దేహము ఖర్చు చేయు శక్తి కూడ విశేషముగా పడిపోయినది. చలికి ఓర్వలేరైరి. నవ్వు మరచిరి. పగలంతయు తిండినిగూర్చిన ఆలోచనయే. వంటల పుస్తకములు సేకరించి చదువుకొన్నవారును కలరు. బరువు తగ్గుట వేరు, ఆరోగ్యము కలుగుట వేరు అని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ముల్లుకు కనబడని సంపద

ఇక చెరువుగట్టు మీది ఉపాధ్యాయుని బరువు 81కి పెరుగుటకు కారణ మేమి? క్రొత్తగా శ్రమకు లోనైన కండరములు వాచి నీరు పట్టును. సాధన పెరిగినకొలది అవి గ్లైకోజెన్ అను ఇంధనమును ఎక్కువగా నిల్వచేసికొనును. దాని ప్రతి గ్రాముతోను సుమారు 3 గ్రాముల నీరు చేరును. రక్తములోని ద్రవభాగము కూడ వృద్ధియగును. బరువులెత్తు సాధన తోడైనచో కండ పెరుగును. తూకపు ముల్లుకు కొవ్వునకును, కండకును, నీటికిని భేదము తెలియదు.

ఆ కండలోని రహస్యములలో ఒకదానిని విప్పినవాడు తెలుగువాడే. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డులో 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును వెల్లడించెను. పరుగుపందెములో మొదటి అడుగులకు, బరువును ఒక్క ఊపున పైకెత్తుటకు కండరము ముందుగా చేయిచాచునది ఆ నిల్వ వైపే. ఏ త్రాసును దానిని విడిగా తూచి చూపజాలదు.

శ్రమ ఫలము బరువుతో ముడిపడి యుండనక్కరలేదని లండను బస్సులు చాటినవి. 1953లో జెరెమీ మోరిస్ అను వైద్యశాస్త్రజ్ఞుడు అక్కడి రవాణా ఉద్యోగుల గుండెజబ్బుల వివరములు ప్రకటించెను. రెండంతస్తుల బస్సులో డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు టిక్కెట్లకొరకు వందలకొలది మెట్లు ఎక్కి దిగును. వీధి ఒకటే, బస్సు ఒకటే. కాని గుండెజబ్బు కండక్టర్లలో తక్కువ. వచ్చినను దానివలని ఆకస్మిక మరణములు తక్కువ. కండక్టర్లు సన్ననివారగుట చేతనే ఇట్లు జరిగెనేమో యన్న శంక కలిగినది. మోరిస్ బృందము ఉద్యోగుల యూనిఫారముల నడుము కొలతలను సేకరించి చూచినది. డ్రైవర్ల నడుములు పెద్దవే. అయినను సన్నని కండక్టరును సన్నని డ్రైవరుతో, లావుపాటి కండక్టరును లావుపాటి డ్రైవరుతో పోల్చినప్పుడు కూడ కండక్టరుకే మేలు కనబడినది. ఎక్కిన మెట్లు ఊరక పోలేదు.

త్రాసు శాసించు చోటు

ఒక్క అంకెయే జీవితమును నిర్ణయించు రంగము లేకపోలేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ 50 కిలోల కుస్తీలో ఆగస్టు 6న మూడు పోటీలు గెలిచినది. అంతర్జాతీయ రంగమున అంతవరకు ఓటమి యెరుగని జపాను మల్లయోధురాలు యూయి సుసాకి ఆమె చేతిలో ఓడినది. ఆ రాత్రి యంతయు బరువు తగ్గుటకు చెమటోడ్చి, జుట్టు సైతము కత్తిరించుకొన్నను, మరునాటి ఉదయము 100 గ్రాములు ఎక్కువ తూగినది, పోటీనుండి తొలగింపబడినది. ఆ 100 గ్రాములు ఒక చిన్న గ్లాసెడు నీళ్లు. నిబంధన నిబంధనయే, కాని ముందునాటి ఆమె బలమునకు, నేర్పునకు ఆ గ్లాసెడు నీళ్లు కొలత కానేరవు.

శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లేశ్వరి కథ దీనికి ఇంకొక ముఖము. 1994లోను, 1995లోను ప్రపంచ విజేతగా నిలిచినప్పుడు ఆమె తరగతి 54 కిలోలు. 2000లో సిడ్నీలో కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారత మహిళ యైనప్పుడు తరగతి 69 కిలోలు. ఆనాడు ఆమె ఎత్తిన మొత్తము 240 కిలోలు. దేశము జ్ఞాపకముంచుకొన్నది ఆమె ఎత్తిన బరువును. తూగిన బరువును కాదు.

ఏది కొలువవలెను?

ఇట్లనుటచే అధిక బరువు హాని చేయదని కాదు. మధుమేహము, మోకాళ్ల నొప్పి ఉన్నవారు తగ్గుట మంచిదే. కాని తగ్గుటకు ముఖ్యస్థానము వంటిల్లు. తగ్గినది తిరిగి రాకుండ కావలియుండునది మైదానము. నూనె, చక్కెర, చిరుతిండ్లు కొంచెముగా తగ్గించి, పప్పు, కూరగాయలు పెంచి, నిద్ర చెడకుండ, నెలలకొలది నెమ్మదిగా సాగవలెను. ఎంత జాగ్రత్తపడినను ఫలము లేనప్పుడు థైరాయిడు లోపమో, వాడుచున్న మందో కారణము కావచ్చును. అది వైద్యుడు తేల్చవలసిన విషయము. ఎదుగుచున్న పిల్లలకు బరువు పెరుగుట ప్రకృతిధర్మము. వారికి పస్తులు కూడవు, దినమునకు ఒక గంట ఆట కావలెను.

పాఠశాలలో తరగతి యెదుట పిల్లలను త్రాసు ఎక్కించి అంకెను బిగ్గరగా చదువుట మానదగిన పని. దానికి మారుగా కొలువదగినవి ఎన్నో కలవు. నిద్ర లేచినంతనే నాడి నిమిషమునకు ఎన్నిమార్లు కొట్టుకొనుచున్నది? ఒక కిలోమీటరు ఎన్ని నిమిషములలో ముగియుచున్నది? పెద్దవారికి నడుము చుట్టు టేపు ఏమి చెప్పుచున్నది? వ్యాయామము వలన బరువు మారకున్నను పొట్టలోని హానికరమైన కొవ్వు తగ్గగలదు. టేపు దానిని ముల్లుకంటె ముందు కనిపెట్టును. ఈ కొలతలను నెలకొకసారి నోటుపుస్తకమున వ్రాసికొన్న విద్యార్థి తన ప్రగతిని తానే చదువుకొనగలడు. అందులో ఒకరితో పోలిక లేదు, ఎగతాళి లేదు.

చెరువుగట్టు మీది ఉపాధ్యాయుడు మూలకు విసరిన బూట్లను మరల చేత పట్టుకొనుటకు ఈ మాత్రము తెలిసినచో చాలును. అట్టముక్క ఒక ప్రక్కన 80 అనియే ఉండవచ్చును. కాని రెండవ ప్రక్కన ఉండు జాతకమును ఏ యంత్రమును అచ్చువేయలేదు. దానిని అతడు ప్రతి ఉదయము తన అడుగులతో వ్రాసికొనుచున్నాడు.