అనుమతి లేనిది మామయ్యకు కాదు.. పీడీఎఫ్‌కు!

బెంగళూరులో ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నా. బయటికొచ్చి చూస్తే మామయ్య నుంచి మూడు మిస్డ్ కాల్స్. ఫోన్ చేయగానే ‘ఏందబ్బయా, నీ యాప్ నాకు పర్మిషన్ లేదంటా ఉండాదే!’ అన్నాడు.

మామయ్యకు మైపాడు దగ్గర రెండు వనామీ రొయ్యల గుంటలున్నాయి. ల్యాబ్ రిపోర్టులు, రొయ్యల ఫొటోలు ఒకేచోట ఉంటే టెక్నీషియన్ చూసి చెబుతాడని నేనే ఓ చిన్న యాప్ చేసిచ్చా. ఫైళ్లన్నీ ఫైర్‌బేస్ స్టోరేజ్‌లోకి వెళ్తాయి. ఏడాదిగా బాగానే నడిచింది.

ఆ వారం రొయ్యలు గట్టుకు చేరుతున్నాయని పీసీఆర్ పరీక్షకు ఇచ్చాడు. ఎప్పుడూ కాగితం ఇచ్చే ల్యాబ్ ఈసారి వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపింది. యాప్‌లో పెడితే ‘మీకు అనుమతి లేదు’ అని వచ్చింది.

వైట్ స్పాట్ వస్తే 3 నుంచి 10 రోజుల్లోనే గుంట మొత్తం పోవచ్చు. అలాంటప్పుడు ఒక్కరోజూ విలువైనదే. నేనేమో లాగిన్ గడువు తీరిందనుకుని ‘లాగౌట్ అయి మళ్లీ రా మామయ్యా’ అన్నా. ఫలితం లేదు. తనవల్లే తప్పు జరిగిందనుకుని ఆయన సెట్టింగ్స్‌లోకి వెళ్లి కెమెరా, మైక్, కాంటాక్ట్స్, లొకేషన్.. అన్నిటికీ అనుమతి ఇచ్చేశాడు. అయినా అదే మాట!

దొంగ దొరికాడు

మర్నాడు ఓ విషయం గమనించా. అదే ఫోన్, అదే లాగిన్. ఫొటో వెళ్తోంది, పీడీఎఫ్ వెళ్లట్లేదు. స్టోరేజ్ రూల్స్ తెరిస్తే నేను రాసిన లైనే కనబడింది: లాగిన్ అయి ఉండాలి, ఫైల్ ఇమేజ్ అయి ఉండాలి. అప్పట్లో రిపోర్టులూ ఫొటోలుగానే వచ్చేవి కదా!

ఈ రూల్స్ ‘సరే’ లేదా ‘వద్దు’ అని మాత్రమే చెబుతాయి. మనిషి తేడానా, ఫైల్ తేడానా అన్నది చెప్పవు. రెండిటికీ ఒకటే 403. దాన్ని ‘మీకు అనుమతి లేదు’ అని తెలుగులోకి మార్చింది కూడా నేనే.

మీకూ ఇలాగే వస్తే..

* అదే లాగిన్‌తో ఒక జేపీజీ, ఒక పీడీఎఫ్ పంపి చూడండి. ఒకటి వెళ్లి ఇంకోటి ఆగితే లాగిన్‌ని వదిలేసి, ఫైల్ రకంపై పెట్టిన రూల్ చూడండి.
* రూల్ చూసేది ‘కంటెంట్ టైప్’ అనే లేబుల్‌ని మాత్రమే. లోపల ఏముందో చూడదు. పీడీఎఫ్ పేరు చివర జేపీజీ అని మార్చితే వెళ్లిపోవచ్చు. కానీ అవతల తెరుచుకోదు.
* ఐఫోన్ తీసే హెచ్ఈఐసీ ఫొటోల రకాన్ని కొన్ని బ్రౌజర్లు గుర్తుపట్టవు. లేబుల్ ఖాళీగా వెళ్తే ఫొటో అయినా ఆగిపోతుంది.
* అమెజాన్ ఎస్3లో ప్రీసైన్డ్ లింక్ వాడుతుంటే, సంతకంలో చెప్పిన కంటెంట్ టైప్, పంపేటప్పటిది ఒకటే ఉండాలి. తేడా వస్తే అక్కడా 403 పలకరిస్తుంది.
* విసుగొచ్చి రూల్స్ అందరికీ తెరిచేయొద్దు. కావాల్సిన రకాన్ని మాత్రమే చేర్చండి, సైజు పరిమితి పెట్టండి.

నేనూ అదే చేశా. పీడీఎఫ్‌ను చేర్చడానికి పట్టింది ఐదు నిమిషాలు. ఎక్కువసేపు కూర్చున్నది మెసేజ్ మార్చడానికే. ఇప్పుడు యాప్ ముందే ఫైల్ చూసి ‘ఈ రకం ఫైల్ తీసుకోలేం. ఫొటో గానీ పీడీఎఫ్ గానీ పంపండి’ అంటుంది. మామయ్య ఫోన్‌లో అనవసరంగా ఇచ్చిన అనుమతులన్నీ ఒక్కోటీ తీయించా.

రిపోర్టులో ఉన్నది వైట్ స్పాటే. ఒక గుంటను 100 కౌంట్‌లోనే పట్టుబడి చేయాల్సొచ్చింది. రెండోది నిలబడింది. ఒకరోజు ముందు తెలిసుంటే ఏమయ్యేదో నేను అడగలేదు, ఆయనా అనలేదు. ‘అయితే తప్పు నాది కాదంటావు’ అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

‘కాదు మామయ్యా. నాదే.’