విడిభాగాల ఫర్నిచర్ – బలము, మెరుగు, భద్రత

కర్మాగారములో కోసి, రంధ్రములు వేసి, పలకలుగా అట్టపెట్టెలో సర్ది పంపిన సామానును కొన్నవారే ఇంటివద్ద బిగించుకొనే పద్ధతి నేడు మన నగరములలో సర్వసాధారణమైనది. పుస్తకాల బీరువా, చదువుకొనే బల్ల, సొరుగుల పెట్టె – అన్నియు ఈ రూపమున లభించుచున్నవి. ఇవి చౌక, కాని కొద్ది కాలమునకే అరలు వంగుట, అంచులు ఉబ్బుట, మరలు వదులగుట చాలామందికి అనుభవమే. ఈ లోపములకు గల కారణములను గ్రహించినచో, స్వల్ప వ్యయముతో అదే సామానును దృఢముగాను, మన అవసరమునకు అనుకూలముగాను మార్చుకొనవచ్చును. ఆ విధానమును వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

విడదీసి మోసుకొనిపోగల సామాను మనకు కొత్త కాదు. మన పట్టెమంచమును కోళ్ళు, పట్టెలుగా ఊడదీసి బండిమీద వేయుట పెద్దలందరు ఎరిగినదే. ఖురాను గ్రంథమును నిలుపు రెహల్ కూడ ఇట్టిదే: ఒకే పలకను చీల్చి, కీలును సైతము ఆ కొయ్యలోనే మలచుట సంప్రదాయము. మేకు లేదు, జిగురు లేదు; మడిచిన బల్లపరుపుగా ఉండును, తెరచిన గ్రంథపీఠమగును. యూరప్‌లో మైకేల్ థోనెట్ 1859లో రూపొందించిన 14వ నంబరు కుర్చీ ఆరు కొయ్యముక్కలు, పది మరలు, రెండు నట్లతో తయారైనది. ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీల విడిభాగములు ఇమిడెడివి. తరువాత స్వీడన్ దేశపు ఐకియా సంస్థ 1950ల నుండి ఈ పద్ధతిని సామాన్య గృహములకు చేర్చినది. ఆ సంస్థ భారతదేశములో తన మొదటి దుకాణమును 2018 ఆగస్టులో హైదరాబాదులోనే తెరచినది.

అయితే నాటి మంచమునకు, నేటి బీరువాకు ముఖ్యమైన భేదమొకటి కలదు. మంచము గట్టి కొయ్య. నేటి పలక చాలవరకు పార్టికల్ బోర్డు. కొయ్యపొట్టును, చిన్న పేళ్ళను రసాయనపు జిగురుతో కలిపి, వేడిమితో అదిమి ఈ పలకను చేయుదురు. దీనిలో కొయ్యకుండునట్టి పొడవైన నార లేదు. కావున మర పట్టు తక్కువ. నీరు తగిలిన ఉబ్బును. బరువు చాలకాలము నిలిచిన వంగును. మనము చేయు ప్రతి మెరుగును ఈ మూడు బలహీనతలలో ఏదో ఒకదానికి సమాధానము కావలెను.

మొదటిది చట్రపు బలము. బీరువా వెనుక బిగించు పలుచని అట్టపలక కేవలము దుమ్ము ఆపుటకు కాదు. బీరువా పక్కకు ఒరగకుండ నిలుపునది అదియే. దానిని బిగించుటకు ముందు చట్రపు రెండు కర్ణములను టేపుతో కొలిచి, సమానముగా ఉన్నవని నిశ్చయించుకొనవలెను. ఆ పలుచని పలకకు బదులు 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను మరలతో బిగించిన యెడల బీరువా ఊగుట చాలవరకు తగ్గును. కొయ్య చీలలు దిగు రంధ్రములలో కొంచెము ఫెవికాల్ వేసిన కీలు మరింత గట్టిపడును. కాని అట్లు అతికించినది మరల ఊడదు. తరచు ఇల్లు మారవలసిన అద్దెవారు జిగురును మాని, మరలనే నమ్ముకొనుట మంచిది. వదులైన మరరంధ్రములో జిగురు పూసిన వెదురు పుల్లలను కూరి, ఆరిన పిదప మరను తిరిగి బిగించవచ్చును.

రెండవది అరల వంపు. భౌతికశాస్త్ర విద్యార్థులు దీనిని సులభముగా గ్రహింతురు. పొడవునా సమానముగా పుస్తకములు పేర్చిన అర వంపు, అర పొడవునకు నాలుగవ ఘాతముగా పెరుగును. మందమునకు ఘనముగా తగ్గును. అనగా 60 సెంటీమీటర్ల అరకంటె 90 సెంటీమీటర్ల అర సుమారు ఐదు రెట్లు ఎక్కువగా వంగును. 80 సెంటీమీటర్ల అరకు నడుమ ఒక నిలువు ఆధారము పెట్టిన, వంపు పదహారవ వంతుకంటె తక్కువకు దిగును. ఉర్దూ, తెలుగు నిఘంటువులు రెండును ఒకే అరపై నిలుపువారికి ఈ లెక్క ఎంతయు అవసరము. నడుమ ఆధారము వలదనుకొన్నచో, అర ముందరి అంచు క్రింద 4 సెంటీమీటర్ల వెడల్పుగల గట్టికొయ్య బద్దను నిలువుగా బిగించవలెను. అది అందమును, బలమును కూడ ఇచ్చును. ఇప్పటికే కొంత వంగిన అర ఊడివచ్చునదైన, దానిని తిరగవేసి అమర్చిన సరి.

మూడవది తేమ. మన ఇండ్లలో నేలను నీళ్ళతో కడుగుట అలవాటు. పలకల పైముఖమునకు పూత ఉండును గాని, కోసిన అంచులు, అడుగు భాగము తెరచియుండును; నీరు ప్రవేశించునది అచ్చటనే. కావున అంచులకు పట్టీలు అంటించి, అడుగున వార్నిష్ రెండు పూతలు పూసి, సామానును 5 సెంటీమీటర్ల ఎత్తుగల కాళ్ళపై నిలుపవలెను. రంగు మార్చదలచినవారు నున్నని ఉపరితలమును సన్నని గరుకు కాగితముతో రుద్ది, దుమ్ము తుడిచి, నున్నని పూతకు అంటుకొను ప్రైమరు వేసిన తరువాతనే రంగు వేయవలెను. రుద్దకుండ వేసిన రంగు పొరలుగా రాలును. పలకను కోయునపుడు ఆరుబయట పని చేసి, ముక్కుకు గుడ్డ కట్టుకొనవలెను. ఆ పొడి ఊపిరితిత్తులకు హానికరము. కొన్ని బల్లల పైపలకలు లోపల బోలుగా, తేనెపట్టువంటి కాగితపు గళ్ళతో ఉండును. వేలితో తట్టిన ఆ సంగతి తెలియును. అట్టి పలక నడుమ మర నిలువదు.

చివరిది అన్నింటికంటె ముఖ్యమైనది. ఎత్తైన బీరువాను, సొరుగుల పెట్టెను గోడకు బిగించి తీరవలెను. పసివాడు క్రింది సొరుగులను మెట్లుగా చేసికొని ఎక్కినప్పుడు బరువంతయు ముందుకు వచ్చి, పెట్టె బిడ్డపై బోర్లపడును. ఇట్టి ప్రమాదములలో పిల్లలు మరణించిన తరువాత, 2016లో అమెరికాలో ఐకియా సంస్థ సుమారు 2 కోట్ల 90 లక్షల సొరుగుల పెట్టెలను వెనుకకు పిలువవలసివచ్చినది. స్థిరత్వమును గురించి ఆ దేశము 2022లో చట్టమే చేసినది. మనము చేయవలసినది స్వల్పము: గోడలో గచ్చును దాటి ఇటుకలోనికి రంధ్రము చేసి, ప్లాస్టిక్ ప్లగ్గు దింపి, ఎల్ ఆకారపు ఇనుప పట్టీతో బీరువా పైభాగమును బిగించుట. బరువైన వస్తువులను క్రింది అరలలోనే ఉంచుట.

రంగు మార్చుట, కొత్త పిడులు అమర్చుట ముచ్చటైన పనులే. కాని వరుస క్రమము మరువరాదు: ముందు భద్రత, పిమ్మట బలము, ఆ తరువాత అందము. సెలవు దినములలో ఒక విద్యార్థి తన ఇంటి బీరువాను ఈ క్రమమున సరిచేసినచో, పుస్తకములు పదికాలములు నిలుచును. ఇంటనున్న తమ్ముడో, చెల్లెలో నిర్భయముగా ఆడుకొందురు.