రెండు పన్నులు ఒకటైన ఏడాది

కొట్టు రసీదు చూసి పిల్లలు "హెచ్.ఎస్.టి. అంటే ఏమిటి నాన్నా?" అని అడిగితే "పన్నురా" అని తప్పించుకుంటాం. కానీ ఆ మూడక్షరాల వెనుక పెద్ద కథే ఉంది. మిల్టన్‌లో చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తూ ఆ మార్పును దగ్గర నుంచి చూశాను.

2010 జులై 1కి ముందు మన ఒంటారియోలో రెండు అమ్మకపు పన్నులుండేవి. ఫెడరల్ జి.ఎస్.టి. 5 శాతం, ప్రావిన్స్ పన్ను 8 శాతం. దేని ఫారం దానిదే, దేని ఆఫీసు దానిదే, ఆడిటర్లు కూడా ఇద్దరు!

పిల్లలూ, ఒక చిన్న లెక్క చూడండి. మన ఇండియన్ స్టోర్ వాళ్ళు వెయ్యి డాలర్లు పెట్టి కంప్యూటర్ కొన్నారనుకుందాం. జి.ఎస్.టి. 50 డాలర్లు ప్రభుత్వం వెనక్కి ఇచ్చేది. ప్రావిన్స్ పన్ను 80 డాలర్లు మాత్రం తిరిగి వచ్చేవి కావు. అవి మెల్లగా కందిపప్పు ధరలో కలిసిపోయేవి. పైకేమో పప్పు మీద పన్ను లేదు! రెండూ కలిసి 13 శాతం హెచ్.ఎస్.టి. అయ్యాక మొత్తం 130 డాలర్లూ వెనక్కి వస్తాయి.

ఆర్థికమంత్రి డ్వైట్ డంకన్ ఈ విలీనాన్ని ప్రకటించింది 2009 మార్చి బడ్జెట్‌లో. అప్పటికి కార్ల కంపెనీలు ప్రభుత్వ సాయం కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ ఏడాది ఒంటారియోలో నిరుద్యోగం 9 శాతం దాటింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజుల్లో ఈ పన్నుల గోల ఏమిటని అందరం విసుక్కున్నాం. వ్యాపారాల ఖర్చు తగ్గితేనే ఉద్యోగాలు నిలుస్తాయన్నది ప్రభుత్వ వాదన. మార్పు కోసం ఒట్టావా 430 కోట్ల డాలర్లు ఇచ్చింది. వసూలు బాధ్యత కెనడా రెవెన్యూ ఏజెన్సీకి వెళ్ళింది. వెయ్యికి పైగా ప్రావిన్స్ ఉద్యోగులు ఆ ఏజెన్సీలోకి మారారు. కుర్చీ మారినందుకే వాళ్ళకు సెవరెన్స్ ఇచ్చారని అప్పట్లో పెద్ద గొడవ కూడా జరిగింది. పెద్ద వ్యాపారాలు రిటర్నులు కంప్యూటర్‌లోనే పంపాలన్న నిబంధనా అప్పుడే వచ్చింది.

వ్యాపారానికి తగ్గిన భారం ఎవరో ఒకరు మోయాలి కదా! అంతవరకు 5 శాతమే ఉన్న పెట్రోలు, ఇంటి హీటింగ్, ఇంటర్నెట్, క్షవరం మీద 13 శాతం పడింది. రోజూ 401 మీద టొరంటోకి వెళ్ళొచ్చే మనవాళ్ళకు అది బాగానే తగిలింది. పుస్తకాలు, పిల్లల బట్టలు, డైపర్లు, నాలుగు డాలర్ల లోపు కాఫీ మాత్రం 5 శాతంతోనే బయటపడ్డాయి. లక్షా అరవై వేల డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాలకు మూడు విడతల్లో వెయ్యి డాలర్లు ఇచ్చారు. పన్ను మొదలయ్యే ముందు నెలలోనే మొదటి చెక్కు చేతికొచ్చింది. గడుసు ఏర్పాటే! ఆ డబ్బు ఎంతోకాలం ఆదుకోలేదు గానీ, కోపాన్ని మాత్రం చల్లార్చిందని నా అభిప్రాయం. అదే రోజు ఇదే పన్ను తెచ్చిన బ్రిటిష్ కొలంబియాలో జనం ఊరుకోలేదు. 2011 రెఫరెండంలో దాదాపు 55 శాతం మంది వద్దన్నారు. 2013 ఏప్రిల్‌లో అక్కడ మళ్ళీ రెండు పన్నులొచ్చాయి.

ఇండియాలోనూ 2017 జులై 1న రాష్ట్రాల వ్యాట్, కేంద్రం సర్వీస్ టాక్స్ వంటివన్నీ జి.ఎస్.టి.లో కలిశాయి. నోట్ల రద్దు జరిగి ఎనిమిది నెలలైనా కాకుండానే! కొట్టు కంటే ముందు కంప్యూటర్ తెరవాల్సి వస్తోందని అక్కడి మా బంధువులు ఫోన్‌లో వాపోయారు.

మిల్టన్ సంగతికొస్తే, ఇక్కడ అసలు చర్చంతా ఇళ్ళ గురించే. 2001లో 31 వేల మంది ఉన్న ఊరు 2011 నాటికి 84 వేలు దాటింది. వీధులకు వీధులు కొత్తవే. కొత్త ఇంటి మీద ప్రావిన్స్ పన్ను అంతకుముందు లేదు. హెచ్.ఎస్.టి. వచ్చాక నాలుగు లక్షల ఇంటికి 8 శాతం అంటే 32 వేలు. అందులో 24 వేలు రిబేటు పోగా 8 వేలు మిగిలేవి. అయితే 2009 జూన్ 18లోపు ఒప్పందంపై సంతకం చేసినవారికి, ఇల్లు తర్వాత చేతికొచ్చినా, ఆ ప్రావిన్స్ భాగం పడలేదు. ఆ తేదీ తర్వాత సంతకం చేసి, 2010 జులై 1 నుంచి తాళం తీసుకున్నవారికి పడింది. ఒకే వీధిలో, ఒకే నమూనా ఇళ్ళకు పన్ను లెక్క వేరుగా ఉండడానికి కారణం అదే.