మట్టి చదివితే మంచి కొలువు!

మీది నూజివీడు చుట్టుపక్కల ఊరైతే పూత కాలం గురించి మీకు చెప్పక్కర్లేదు. డిసెంబరు దాటిందంటే నాన్న రోజూ తోటకెళ్లి కొమ్మల చివర్లు చూస్తుంటాడు. మబ్బు పడితే ఇంట్లో ఎవరికీ మాట పెగలదు. మీ కాలేజీ ఫీజు కూడా ఆ పూత మీదే ఉంది మరి! ఆ మబ్బుకీ, పూతకీ లింకేంటని ఎప్పుడైనా ఆలోచించారా? ఆలోచిస్తే భూవిజ్ఞానంలో తొలి పాఠం మొదలెట్టినట్టే.

తోటే తొలి ల్యాబ్

ముందు రాయి సంగతి చూద్దాం. తూర్పు కనుమల్లో కనిపించే కోండలైట్, చార్నోకైట్ శిలలు కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల వేడికీ, ఒత్తిడికీ రూపుదిద్దుకున్నవి. ఇలాంటి శిలలు ఎండకీ వానకీ చివికి మట్టిగా మారతాయి. వాటిలోని ఇనుము తుప్పు పట్టినట్టు ఎర్రబడుతుంది. ఎర్ర గరప నేలలకు ఆ రంగు అలా వచ్చిందే. ఈ నేలలో నీరు నిలవదు, వేరుకు గాలి ఆడుతుంది. మామిడికి కావాల్సింది అదే.

ఇక వాతావరణం. పూతకు ముందు చెట్టుకు పొడి వాతావరణం, చల్లని రాత్రులు కావాలి. అప్పుడు వాన పడితే పూత బదులు చిగురేస్తుంది. పూత మీద మబ్బు, తేమ కమ్మితే తేనెమంచు పురుగు, బూడిద తెగులు విజృంభిస్తాయి. తీరా కాయ తయారయ్యాక ఈదురుగాలి వీస్తే నేలరాలుతుంది. రాలిన రసాలకి రేటుండదు. గాలివాన కబురు రెండ్రోజులు ముందే అందితే, ముదిరిన కాయనైనా కోసుకోవచ్చు. ఆ కబురు చెప్పడమే కొందరి ఉద్యోగం!

ఏం చదవాలి?

డిగ్రీలో జియాలజీ తీసుకున్నవాళ్లు ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, యోగి వేమన విశ్వవిద్యాలయాల్లో పీజీ చేయొచ్చు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్‌లో జియాలజీ పేపరుంది. ఫిజిక్స్, మ్యాథ్స్ ఇష్టమైతే వాతావరణశాస్త్రం వైపు చూడండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో దానికి విభాగం ఉంది. బైపీసీ వాళ్లకు ఉద్యాన, వ్యవసాయ డిగ్రీల తర్వాత మృత్తికాశాస్త్రంలో పీజీ దారి. నూజివీడులోని మామిడి పరిశోధన స్థానం డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయానిదే.

కొలువులెక్కడ?

పీజీ అయ్యాక యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయొచ్చు. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ... మూడు దశలు. నెగ్గితే 1851లో మొదలైన జీఎస్ఐలోనో, కేంద్ర భూగర్భ జల మండలిలోనో ఉద్యోగం. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్ఐ, ఇన్‌కాయిస్, 1875 నాటి భారత వాతావరణ శాఖ, గనుల సంస్థలు కూడా మంచి వేదికలే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. ఒక్క పరీక్షనే నమ్ముకుని ఏళ్లు గడపొద్దు. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో మ్యాపులు చేయడం నేర్చుకుంటే ప్రైవేటు కంపెనీల్లోనూ అక్కరకొస్తుంది.

ఈ సెలవుల్లో ఇలా...

మీ తోటలో గుంట తీసి 30, 60, 90 సెంటీమీటర్ల లోతు వరకు పొరపొరకీ విడిగా మట్టి తీయండి. గట్లు, పెంటకుప్పల దగ్గర మాత్రం తీయొద్దు. నీడన ఆరబెట్టి, అర కిలో చొప్పున సంచుల్లో పోసి, భూసార పరీక్ష కేంద్రానికివ్వండి. సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి. ఒక్కోటీ ఏంటో తెలుసుకోండి. ఓ నోట్‌బుక్‌లో రోజూ వాన, ఎండ, గాలి, పూత వివరాలు రాయండి.

రేపు ఇంటర్వ్యూలో 'నేల గురించి ఏం తెలుసు?' అని అడిగితే బట్టీ పట్టిన నిర్వచనం అక్కర్లేదు. మీ తోట కథ చెప్పండి. అంతకంటే ముందు, ఆ కార్డు చదివి ఏ ఎరువు ఎంత వేయాలో నాన్నకు చెప్పండి. మీ తొలి జీతం అదే!