అండమాన్‌కు లేని సభలు, మనకున్న రెండు సభలు

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అదే రోజు అండమాన్ నికోబార్ దీవులు కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి. చట్టాలు చేసుకునే దారులు మాత్రం వేరయ్యాయి. మీకు తెలుసా?

● దీవులకు శాసనసభా లేదు, శాసనమండలీ లేదు. లోక్‌సభలో ఒక్కటే స్థానం. 1967 ఎన్నికల దాకా ఆ సభ్యుణ్ణి కూడా రాష్ట్రపతే నామినేట్ చేసేవారు. రాజ్యసభలో సీటే లేదు. లోక్‌సభ దాటిన బిల్లు పెద్దల సభకు వెళితే అక్కడ దీవుల తరఫున మాట్లాడే ప్రతినిధి ఉండరు.

● 240వ అధికరణం ప్రకారం దీవుల కోసం రాష్ట్రపతి రెగ్యులేషన్లు జారీ చేయవచ్చు. వాటికి పార్లమెంటు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. జరావా, సెంటినలీ వంటి ఆదివాసులను కాపాడే 1956 నాటి రెగ్యులేషన్ కూడా రాష్ట్రపతి జారీ చేసిందే.

● మన దగ్గర శాసనసభ ఆమోదించిన బిల్లు మండలికి వెళుతుంది. మండలి తిరస్కరించినా, ఒప్పుకోలేని సవరణలు చేసినా, మూడు నెలలు దాటినా సభ దాన్ని మళ్లీ ఆమోదించి పంపవచ్చు. ఈసారి మండలికి దక్కే గడువు ఒక్క నెలే. ఆ తర్వాత రెండు సభలూ ఆమోదించినట్టే లెక్క.

● ద్రవ్య బిల్లుకు మండలిలో గడువు 14 రోజులు. దానిపై స్పీకర్ ధ్రువీకరణ తప్పనిసరి.

● పార్లమెంటులో ఉన్నట్టు రాష్ట్రాల్లో ఉభయసభల ఉమ్మడి ఓటింగ్ లేదు. అందుకే చివరి మాట శాసనసభదే.

● శాసనసభ రద్దయితే అక్కడ పెండింగులో ఉన్న బిల్లులు మురిగిపోతాయి. మండలిలోనే పెండింగులో ఉండి, శాసనసభ ఇంకా ఆమోదించని బిల్లు మాత్రం బతికే ఉంటుంది.

● ఆంధ్రప్రదేశ్ మండలి 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో మళ్లీ వచ్చింది. 2020 జనవరిలో రాజధానుల బిల్లును ఛైర్మన్ సెలెక్ట్ కమిటీకి పంపగా, కొద్ది రోజులకే మండలి రద్దు తీర్మానాన్ని సభ ఆమోదించింది. 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. రద్దుకు పార్లమెంటు చట్టం కావాలి కనుక మండలి ఈలోగా నిలిచే ఉంది.

● 2011 లెక్కల ప్రకారం దీవుల్లో వందమందిలో 13 మంది మాతృభాష తెలుగు. మరో కేంద్రపాలిత ప్రాంతమైన పుదుచ్చేరికి 1963 నాటి పార్లమెంటు చట్టంతో శాసనసభ వచ్చింది, అందులో యానాం తెలుగువారికి ఒక సభ్యుడున్నారు. ఒక బిల్లును రెండుసార్లు తరచి చూసే ఏర్పాటు మనకుంది. తమను పాలించే చట్టంపై ఒక్కసారైనా చర్చించుకునే సొంత సభ దీవులవారికీ దక్కాలి.