కాట్టుపల్లిలో పీడనపు లెక్క

మాగాయకు తరిగిన మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే, మూడోనాటికి ఊట ఊరుతుంది. ముక్కలోని నీరు ఉప్పు ఎక్కువగా ఉన్నవైపు పోవడమే దానికి కారణం. శాస్త్రజ్ఞులు దీనిని ద్రవాభిసరణమంటారు. నీటిని పోనిచ్చి ఉప్పును ఆపే సన్నని పొరకు ఒకపక్క మంచినీరు, మరొకపక్క సముద్రజలం ఉంచితే, మంచినీరు ఉప్పునీటిలోకి పోతుంది. ఉప్పునీటిని అదిమితే ఆ పోక మందగించి, ఒక పీడనం వద్ద రాకపోకలు సరితూగుతాయి. అదే సమతాస్థితి. అంతకుమించి అదిమితే నీరు ఉప్పును వదిలి ఇవతలికి వస్తుంది.

మన తిరువళ్ళూరు జిల్లా కాట్టుపల్లి తీరాన 2010 జూలైలో ప్రారంభమైన కర్మాగారంలో జరిగే పని ఇదే. పేరు మాత్రం మీంజూరుది! హైదరాబాదు ఐ.వి.ఆర్.సి.ఎల్., స్పెయిన్ బెఫేసా కంపెనీలు కలిసి కట్టాయి. రోజుకు 23 కోట్ల 70 లక్షల లీటర్ల సముద్రజలం తోడి, చెన్నపట్నానికి 10 కోట్ల లీటర్ల మంచినీరు ఇవ్వాలని ఏర్పాటు.

మిగతా నీరు కూడా పిండరాదా అని పాఠకులు అడగవచ్చు. అక్కడే ఉంది చిక్కు. కరిగిన కణాలు ఎక్కువైన కొద్దీ సమతాపీడనం పెరుగుతుందని హాలెండువాడైన వాంట్ హాఫ్ చూపించాడు. రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి, 1901లో, ఆయనదే. లీటరుకు 35 గ్రాముల ఉప్పులున్న సముద్రజలానికి ఆ పీడనం గాలి ఒత్తిడికి సుమారు 27 రెట్లు. కాని అది మొదటి చుక్కకే! పది కోట్ల లీటర్లు తీసేసరికి మిగిలిన నీటిలో ఉప్పు లీటరుకు 60 గ్రాములవుతుంది. పీడనం 50 రెట్లకు చేరువవుతుంది. ముప్పాతిక వంతు నీరు తీయబోతే వంద దాటుతుంది. మామూలుగా వాడే పొరలు 80 దాటి అదమడానికి చేసినవి కావు.

కరెంటు సంగతి సరేసరి. 27 రెట్ల పీడనం మీద వెయ్యి లీటర్లు నెట్టడానికి లెక్కప్రకారం ముప్పాతిక యూనిట్టు చాలు. ఇటువంటి కర్మాగారాలలో నిజంగా అయ్యేది మూడు, నాలుగు యూనిట్లు. పది కోట్ల లీటర్లకు రోజూ మూడు లక్షలకు తక్కువ కాదన్నమాట.

మిగిలిన చిక్కని ఉప్పునీరు తిరిగి సముద్రానికే పోతుంది. బరువైన నీరు కనుక, బాగా కలియకుంటే అడుగున పరచుకుంటుంది. పీతలూ రొయ్యలూ మసలేది అక్కడే. చెన్నపట్నపు కుళాయి లెక్క వేసేటప్పుడు ఆ తీరాన వల వేసి బతికేవారి లెక్క కూడా పక్కనే వేయాలని మేమంటాము.